సుస్థిరాభివృద్ధి విధానం ఆమోదం పొందాక అసలు పని ఎక్కడ ఆగిపోతోంది?

మైలురాయి (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. నేను జిల్లా స్థాయి ప్రణాళికా కార్యాలయంలో పనిచేస్తున్నాను. పై స్థాయిలో ఆమోదం పొందిన సుస్థిరాభివృద్ధి విధాన పత్రాన్ని మా స్థాయిలో కార్యాచరణ ప్రణాళికగా మార్చే బాధ్యతను ఈమధ్యనే నాకు అప్పగించారు. పత్రం చాలా శ్రద్ధగా తయారుచేసినది. 2015 సెప్టెంబరు 25న ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ ఆమోదించిన 17 లక్ష్యాలనూ, వాటి కిందనున్న 169 ఉపలక్ష్యాలనూ వరుసగా పేర్కొని, ఒక్కొక్కదానికి ఎదురుగా బాధ్యత వహించవలసిన శాఖ పేరు రాశారు. చివర అనుబంధంలో ఒక పట్టిక ఉంది. అందులో లక్ష్యం, సూచిక, శాఖ, గడువు అనే నాలుగు కాలమ్‌లు నిండి ఉన్నాయి. ‘నిధుల పద్దు’ అనే అయిదో కాలమ్ మాత్రం మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు ఖాళీగా ఉంది.

భావితరాలు తమ అవసరాలు తీర్చుకొనే శక్తికి భంగం కలగకుండా నేటి అవసరాలు తీర్చుకోవడమే సుస్థిరాభివృద్ధి అని 1987లో ఐక్యరాజ్య సమితి ఏర్పాటుచేసిన బ్రంట్‌లాండ్ కమిషన్ చెప్పిన మాట మనందరికీ కంఠస్థమే. ఆ మాటలో నాకు సంపూర్ణ విశ్వాసం ఉంది. అయితే ఆ విశ్వాసంతో మర్నాడు కార్యాలయానికి వెళ్లి కూర్చున్నప్పుడు ముందుగా ఏ ఫైలు తెరవాలో తెలియడం లేదు. వనరులు తక్కువగా ఉన్న దేశంలో ఇటువంటి విధానాన్ని ఆచరణలో పెట్టడానికి ప్రయత్నించినవారు, ఆ ప్రయత్నాలను దగ్గరగా చూసినవారు తమ అనుభవాన్ని పంచుకోవలసిందిగా కోరుతున్నాను. పని ఎక్కడ ఆగిపోతుందో ముందే తెలిస్తే, కనీసం అక్కడ జాగ్రత్త పడవచ్చునని నా ఆశ.

పాత ఇంజనీరు

మైలురాయి గారూ, మీ పత్రం మొత్తం గురించి చెప్పే అర్హత నాకు లేదు గాని, ఆ ఖాళీ కాలమ్ గురించి మాత్రం చెప్పగలను. గ్రామీణ తాగునీటి పనుల్లో ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకున్నవాడిని.

బోరు వేసి చేతిపంపు బిగించే ఖర్చు మూలధన పద్దులో వస్తుంది. దానికి దాతలు దొరుకుతారు, ప్రారంభోత్సవం ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. అదే పంపు రెండేళ్ల తరువాత ఆగిపోతే, దాన్ని బాగుచేసే ఖర్చు రోజువారీ నిర్వహణ పద్దులోంచి రావాలి. జీతాలూ కరెంటు బిల్లులూ పోగా ఆ పద్దులో మిగిలేది ఏమీ ఉండదు. 1970లలో యూనిసెఫ్ తోడ్పాటుతో రూపొంది అనేక దేశాలకు చేరిన ఇండియా మార్క్-2 పంపునే తీసుకోండి. అది చాలా గట్టి పంపు. కాని నేల లోపల సిలిండరులో ఉండే ఒక చిన్న వాషరు అరిగిపోతే, దాన్ని మార్చడానికి పైనుంచి కిందిదాకా ఉన్న ఇనుప పైపులన్నీ ఒక్కొక్కటిగా బయటికి లాగవలసిందే. అందుకు ప్రత్యేకమైన పనిముట్లు, శిక్షణ పొందిన మనుషులు, వాళ్లను మోసుకువచ్చే వాహనం కావాలి. వాషరు ఖరీదు లెక్కలోకే రాదు, వాహనానికి డీజిల్ మంజూరు చేయించడమే పెద్ద పని. ఈ ఇబ్బంది గమనించిన తరువాతే, పైపులు లాగకుండా పిస్టన్‌ను మాత్రం పైకి తీయగలిగేలా మార్క్-3, ఆఫ్రిడెవ్ వంటి పంపులను రూపొందించారు. అంటే నిర్వహణ ఎవరు చేస్తారన్న ప్రశ్నను యంత్రం గీతలు గీసే దశలోనే వేసుకోవాలన్నమాట. మనం దాన్ని యంత్రం ఆగిపోయాక వేసుకుంటున్నాం.

ఒక పల్లెలో ఆగిపోయిన పంపును చూడడానికి వెళ్లినప్పుడు, దాని పిడికి ఒక మేకను కట్టివేసి ఉండడం కనిపించింది. పిడి ఎత్తి దించే అవసరం లేదు కనుక తాడు కట్టడానికి అది అనువుగా ఉందని ఆ ఇంటి పెద్దావిడ మామూలుగా చెప్పింది. ఆమె మాటల్లో ఫిర్యాదు లేదు. కార్యాలయానికి తిరిగివచ్చి ఫైలు తీస్తే, ఆ పంపు గురించి మూడు విడతలుగా వచ్చిన అర్జీలున్నాయి, మూడింటికీ ‘నిధుల లభ్యతను బట్టి పరిశీలించబడును’ అని జవాబు వెళ్లింది. ఒక జవాబు కింద సంతకం నాది. ఆ మాట నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

సహారా దిగువనున్న ఆఫ్రికా దేశాల్లో ఏ సమయంలో లెక్కవేసినా దాదాపు నాలుగో వంతు చేతిపంపులు పనిచేయని స్థితిలో ఉంటున్నాయని సర్వేలు చెబుతున్నాయి. ఆ పంపులన్నీ ఏదో ఒక సంవత్సరపు నివేదికలో ‘సాధించిన లక్ష్యం’ కింద నమోదైనవే.

గణాంకం

పాత ఇంజనీరు గారి చివరి వాక్యం దగ్గరే నా మాట మొదలుపెడతాను, ఎందుకంటే ఆ నమోదు చేసే పని నాది.

2024లో వెలువడిన ఐక్యరాజ్య సమితి ప్రగతి నివేదిక ప్రకారం, అంచనా వేయడానికి వీలున్న ఉపలక్ష్యాలలో 17 శాతం మాత్రమే సరైన దారిలో ఉన్నాయి. మూడో వంతుకు పైగా నిలిచిపోయాయి లేదా వెనక్కి నడుస్తున్నాయి. ఈ అంకె విని నిరాశ పడేవారు దాని వెనకనున్న మరో విషయాన్ని కూడా గమనించాలి. మనం లెక్కించేది చాలావరకు చేసిన పనినే గాని, దానివల్ల కలిగిన ఫలితాన్ని కాదు. ఇథియోపియాలో 2019 జులై 29న పన్నెండు గంటల్లో 35 కోట్లకు పైగా మొక్కలు నాటినట్లు ప్రభుత్వం ప్రకటించింది. అంతమంది జనం ఒకే రోజున మట్టిలో చేతులు పెట్టడం నిజంగా గొప్ప విషయం, దాన్ని తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. అయితే నాటిన మొక్కను లెక్కించడం ఒక్క పూట పని. బతికిన మొక్కను లెక్కించాలంటే అదే చోటికి మూడేళ్లపాటు వెళ్లి రావాలి. ఆ రాకపోకలకు ఏ పథకంలోనూ పద్దు ఉండదు.

భారతదేశంలో 2016 మే 1న మొదలైన ఉజ్వల పథకం మరొక ఉదాహరణ. 8 కోట్ల వంట గ్యాస్ కనెక్షన్ల లక్ష్యాన్ని 2019 సెప్టెంబరు నాటికే చేరుకున్నారు, ఆ వేగం అసాధారణమైనది. కాని 2019–20లో ఆ లబ్ధిదారులు సగటున తీసుకున్న సిలిండర్లు ఏడాదికి మూడు. కనెక్షన్ ఉన్న ఇంట్లో కట్టెల పొయ్యి కూడా వెలుగుతూనే ఉందన్నమాట. పొగ తగ్గిందా అన్నదే అసలు ప్రశ్న అయినప్పుడు, సూచికగా కనెక్షన్ల సంఖ్యను పెట్టుకోకూడదు. రెండో ఏడాది కూడా ఎన్నిసార్లు సిలిండరు తెప్పించుకున్నారో లెక్కపెట్టాలి.

మైలురాయి గారికి నా సలహా ఇది. మీ పట్టికలోని ప్రతి సూచిక దగ్గరా ఆగి, ఈ అంకె పెరిగినా పరిస్థితి మారకుండా ఉండే అవకాశం ఉందా అని ఒక్కసారి ప్రశ్నించుకోండి. ఉందనిపిస్తే సూచిక మార్చండి. కొత్త సూచిక కోసం కొత్త రిజిస్టరు మాత్రం దయచేసి పెట్టవద్దు. క్షేత్రస్థాయి ఆరోగ్య కార్యకర్తల చేతుల్లో ఇప్పటికే ఉన్న రిజిస్టర్లు రాయడానికే సగం రోజు పడుతోంది.

సాగుబడి

విధానం మంచిదైతే చాలు, అమలు దానంతట అదే కుదురుకుంటుందని నమ్మేవారికి శ్రీలంక అనుభవాన్ని గుర్తుచేయాలి. 2019 ఎన్నికల వాగ్దానంలో రసాయన ఎరువుల నుంచి సేంద్రియ సాగుకు పదేళ్లలో మారాలని ఉంది. 2021లో ఆ పదేళ్ల గడువును పక్కన పెట్టి, రసాయన ఎరువులూ పురుగుమందుల దిగుమతిని ఒక్క దెబ్బతో నిషేధించారు. విదేశీ మారక ద్రవ్యం కొరత కూడా ఆ నిర్ణయానికి ఒక కారణం. వరి, తేయాకు దిగుబడులు దెబ్బతిని, రైతులు వీధుల్లోకి వచ్చారు. అదే ఏడాది నవంబరు నాటికి నిషేధాన్ని చాలావరకు ఎత్తివేయవలసి వచ్చింది.

ఇక్కడ తప్పు సేంద్రియ సాగుది కాదని నా గట్టి అభిప్రాయం. లెక్క వేయకపోవడంలోనే తప్పు ఉంది. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది కనుక 50 కిలోల బస్తాలో 23 కిలోల నత్రజని ఉన్నట్లు. మామూలు పశువుల ఎరువులో నత్రజని సుమారు అర శాతం. ఆ 23 కిలోలు అందులోంచి రావాలంటే నాలుగున్నర టన్నులకు పైగా ఎరువు కావాలి. ఒక్క బస్తా స్థానంలో అంత ఎరువు ఎక్కడ తయారవుతుంది, పొలం దాకా ఎవరు తోలుతారు, ఎన్ని పశువులుండాలి అన్న లెక్కను ఏ రైతునడిగినా పొలం గట్టు మీద నిలబడే చెప్పి ఉండేవాడు. పప్పుజాతి పైర్లు, పచ్చిరొట్ట వేసి నేలలోనే నత్రజనిని పెంచుకోవచ్చు. అయితే దానికి పంటల వరుస మారాలి, నేలకు కొన్ని సీజన్లు గడువివ్వాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం మొదలైనప్పుడు మహిళా సంఘాల ద్వారా, అనుభవం గడించిన రైతులే తోటి రైతులకు నేర్పే పద్ధతిలో సాగింది. దాని ఫలితాల మీద వాదోపవాదాలు ఉండవచ్చు గాని, నేర్చుకునే వ్యవధిని రైతుకు వదిలిపెట్టిన తీరు మాత్రం సరైనదని నేను భావిస్తున్నాను.

మెట్లదారి

చర్చ ఆసక్తిగా సాగుతోంది గాని, ఒక మౌలికమైన విషయాన్ని అందరూ దాటవేస్తున్నారని చెప్పక తప్పదు. పేద దేశం ముందు ఎదగాలి. చేతిపంపుకు వాషరు కొనలేని ఖజానా దగ్గర సుస్థిరత గురించి మాట్లాడడం ఆ ఖజానాకు న్యాయం చేసినట్లు కాదు. 1992లో పర్యావరణం, అభివృద్ధిపై జరిగిన రియో సదస్సు ప్రకటనలోనే ‘ఉమ్మడివే అయినా వేర్వేరు స్థాయిల బాధ్యతలు’ అన్న సూత్రాన్ని ఒప్పుకున్నారు. వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి వర్ధమాన దేశాలకు 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని సంపన్న దేశాలు 2009లో కోపెన్‌హేగన్‌లో మాట ఇచ్చాయి. ఆ మొత్తం మొదటిసారి అందింది 2022లో. వర్ధమాన దేశాలు ఈ లక్ష్యాలు చేరడానికి ఏటా దాదాపు 4 లక్షల కోట్ల డాలర్ల పెట్టుబడి తక్కువ పడుతోందని ఐక్యరాజ్య సమితి వాణిజ్యాభివృద్ధి సంస్థ 2023లో అంచనా వేసింది. 330 కోట్ల మంది ప్రజలు, విద్య మీదనో ఆరోగ్యం మీదనో పెట్టేదానికన్నా వడ్డీల మీదనే ఎక్కువ ఖర్చుచేసే దేశాల్లో జీవిస్తున్నారని కూడా అదే సంస్థ చెప్పింది.

దక్షిణాఫ్రికా బొగ్గు నుంచి బయటపడడానికి 2021లో కొన్ని సంపన్న దేశాలు, ఐరోపా సమాఖ్య కలిసి 850 కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి. అందులో అత్యధిక భాగం రుణమే. అక్కడ బొగ్గుతో నడిచే కొమాటి విద్యుత్ కేంద్రాన్ని 2022 అక్టోబరులో మూసివేశారు. ఆ కేంద్రం చుట్టూ బతికిన కార్మికులకూ చిన్న వ్యాపారులకూ ప్రత్యామ్నాయ ఉపాధి అదే వేగంతో రాలేదు. అప్పు తెచ్చి, ఉన్న ఉపాధిని వదులుకొమ్మని చెప్పే విధానాన్ని ఏ ప్రజలు తమదిగా భావిస్తారు?

ఖజానా

మెట్లదారి గారూ, మీరు ఉదహరించిన అంకెలతో నాకు పేచీ లేదు. ఇచ్చిన మాట నిలబెట్టుకోని దేశాలను నిలదీయవలసిందే. కాని బయటి డబ్బు వచ్చేదాకా లోపలి డబ్బును మార్చనవసరం లేదన్న ధ్వని మీ మాటల్లో వినిపిస్తోంది, దానితో మాత్రం నేను ఏకీభవించలేను. ఎన్నో వర్ధమాన దేశాలు ఇంధన రాయితీల మీద పెద్ద మొత్తాలు వెచ్చిస్తున్నాయి, ఆ రాయితీలో ఎక్కువ వాటా సహజంగానే ఎక్కువ ఇంధనం వాడేవారికి చేరుతుంది. దాన్ని కదిలించడం కష్టమే. అయితే ఎలా కదిలించారన్నదాన్ని బట్టి ఫలితం పూర్తిగా మారిపోయిందని అనుభవం చెబుతోంది.

నైజీరియాలో 2012 జనవరి 1న పెట్రోలు రాయితీని ఒక్కసారిగా ఎత్తివేశారు. 65 నైరాలున్న లీటరు ధర రాత్రికి రాత్రి రెట్టింపు దాటింది. దేశమంతా స్తంభించిపోవడంతో రెండు వారాల్లో ధరను 97 నైరాలకు తగ్గించవలసి వచ్చింది. ఈక్వడార్‌లో 2019 అక్టోబరులో అటువంటి ఉత్తర్వునే ఇచ్చి, రెండు వారాలు తిరగకముందే వెనక్కి తీసుకున్నారు. ఇరాన్‌లో 2010 డిసెంబరులో ధరలు అంతకన్నా ఎక్కువగా పెంచారు. కాని దానికి ముందే కుటుంబాల పేరిట బ్యాంకు ఖాతాలు తెరిపించి, నగదు అందులో జమచేసి, ధరలు పెరిగిన రోజునే దాన్ని తీసుకొనే వీలు కల్పించారు. తమ ఖాతాలో డబ్బు ఉందని కళ్లారా చూసుకున్న తరువాత పెట్రోలు ధర పెరిగింది కనుక ప్రజలు ఓర్చుకున్నారు. తరువాతి ఏళ్లలో ద్రవ్యోల్బణం ఆ నగదు విలువను హరించివేసిందన్నదీ నిజమే, అది వేరే పాఠం. ఇండోనేషియా 2015 జనవరిలో ప్రపంచ మార్కెట్లో చమురు ధర పడిపోయిన అదను చూసి పెట్రోలు రాయితీని తొలగించింది కనుక బంకు దగ్గర జనానికి పెద్ద దెబ్బ తగలలేదు.

కనుక మైలురాయి గారూ, ముందు ఇచ్చి తరువాత తీసుకోవడం అన్న క్రమం మీ జిల్లా స్థాయి పనుల్లో కూడా వర్తిస్తుంది. ఏదైనా ఒక అలవాటు మానుకొమ్మని చెప్పబోయే ముందు, దాని స్థానంలో ఉండవలసినది అప్పటికే చేతికి అందిందో లేదో చూసుకోండి. ఇక ఆ ఖాళీ కాలమ్ సంగతి. వార్షిక బడ్జెట్‌లో పద్దు సంఖ్య లేని పనిని చేసిపెట్టే బాధ్యత ఏ శాఖకూ ఉండదు. పత్రంలో ఎన్ని శాఖల పేర్లు రాసినా, అది తలా పిడికెడు పంచుకునే పాపంగానే మిగులుతుంది.

అడవిదారి

డబ్బు గురించి ఇంత చర్చ జరిగింది కనుక, డబ్బు పెద్దగా అవసరం పడని ఒక మార్పు గురించి చెప్పాలనిపించింది. పశ్చిమాఫ్రికాలోని నైజర్ ప్రపంచంలో అత్యంత పేద దేశాల్లో ఒకటి. వలస పాలన కాలం నుంచి వచ్చిన చట్టం ప్రకారం అక్కడ అప్పట్లో పొలంలో మొలిచిన చెట్టు కూడా ప్రభుత్వ ఆస్తి. అనుమతి లేకుండా కొమ్మ నరికితే జరిమానా. దానితో రైతు ఏం చేసేవాడంటే, చెట్టు మొలక దశలో ఉండగానే పీకిపారేసేవాడు. తనది కానిదాన్ని తన పొలంలో ఎందుకు పెరగనిస్తాడు? నాటించిన మొక్కలు చాలావరకు ఎండిపోయాయి. 1980లలో కొందరు క్షేత్ర కార్యకర్తలూ రైతులూ ఒక విషయం గమనించారు. నేల కింద పాత చెట్ల మొదళ్లు ఇంకా బతికే ఉన్నాయి, ప్రతి వానకాలం వాటినుంచి చిగుళ్లు వస్తున్నాయి. వాటిలో బలమైన రెండు మూడు కొమ్మలను ఉంచి మిగిలినవి కోసేస్తే, ఆ మొదలే కొన్నేళ్లలో చెట్టవుతుంది. అటవీ సిబ్బంది జరిమానాలు వేయడం తగ్గించేకొద్దీ, చెట్టు తనదేనన్న నమ్మకం రైతుకు కుదిరేకొద్దీ ఈ పద్ధతి ఊరి నుంచి ఊరికి పాకింది. సుమారు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగి వచ్చాయి. ప్రభుత్వం అక్కడ చేసిన ముఖ్యమైన పని అడ్డు తొలగడం.

నేపాల్ 1993 అటవీ చట్టం ద్వారా అడవుల నిర్వహణను స్థానిక వినియోగదారుల బృందాలకు అప్పగించింది. ఇప్పుడు అటువంటి బృందాలు 22,000 దాకా ఉన్నాయి, బోడిగా మారిన కొండల మీద అడవి మళ్లీ కనబడుతోంది. కోస్టారికా 1996లో చట్టం చేసి, అడవిని కాపాడిన భూయజమానికి ఇంధన పన్ను ఆదాయం నుంచి నేరుగా చెల్లింపులు చేస్తోంది. ఆ పద్దు ప్రతి ఏటా వస్తుంది కనుక ఖజానా గారు చెప్పిన ఖాళీ కాలమ్ సమస్య అక్కడ రాలేదు.

ఇదంతా స్థానికులకు వదిలేస్తే సరిపోతుందని కూడా అనుకోకూడదు. బ్రెజిల్ అమెజాన్‌లో 2004లో 27,000 చదరపు కిలోమీటర్లకు పైగా అడవి నరికివేతకు గురైతే, 2012 నాటికి అది 5,000 లోపుకు తగ్గింది. ఉపగ్రహం పంపే హెచ్చరిక అందిన వెంటనే తనిఖీ బృందం బయలుదేరే ఏర్పాటు, నిబంధనలు పాటించని భూములకు బ్యాంకు రుణం ఇవ్వకూడదన్న 2008 నాటి నియమం, ఇంకా కొన్ని చర్యలు కలిసి పనిచేశాయి. తనిఖీలు బలహీనపడిన ఏళ్లలో నరికివేత మళ్లీ పెరిగింది, 2023 నుంచి అవి మళ్లీ గట్టిపడడంతో తగ్గింది. ఇన్నేళ్లలో ఉపగ్రహాలు చూస్తూనే ఉన్నాయి, మారినదల్లా కింద నడిచి వెళ్లే మనుషులకు ఉన్న అండ.

చిరుదీపం

అడవిదారి గారూ, వినియోగదారుల బృందాల గురించి మీరు చెప్పినది వాస్తవమే. కాని ‘స్థానికులు’ అన్న మాట దగ్గర కొంచెం ఆగవలసి ఉంది. నేను మహిళా సంఘాలతో పనిచేస్తాను. ఒకచోట ఉమ్మడి బీడు భూమిని అయిదేళ్లపాటు మేతకు మూసివేయాలని సంఘం తీర్మానించింది. పచ్చదనం తిరిగి రావడానికి అది సరైన నిర్ణయమే. తీర్మానాల పుస్తకంలో సభ్యులందరి సంతకాలూ వేలిముద్రలూ ఉన్నాయి. కాని సమావేశం జరిగింది ఉదయం పదకొండు గంటలకు. భూమి లేని ఇళ్ల ఆడవాళ్లందరూ ఆ సమయంలో కూలి పనిలో ఉన్నారు. పుస్తకాన్ని సాయంత్రం ఇంటింటికీ తీసుకువెళ్లి వేలిముద్రలు వేయించుకున్నారు. మేకల మీద బతికే కుటుంబాలు ఆ ఇళ్లలోనే ఉన్నాయి. తమ మేకలు రేపటి నుంచి ఎక్కడ మేయాలో ఎవరూ చెప్పకుండానే, మూసివేతకు ఒప్పుకున్నట్లుగా వాళ్ల వేలిముద్ర కాగితం మీద ఉంది.

నెల తిరగకముందే కంచె విరిగింది. సంఘం పెద్దలు దాన్ని ‘ప్రజల్లో అవగాహన లేకపోవడం’ అని నివేదికలో రాశారు. నేను ఆ మాటను అంగీకరించలేదు, ఇప్పటికీ అంగీకరించను. వాళ్లకు అవగాహన పూర్తిగా ఉంది, తమ మేకలకు మేత లేదని వాళ్లకు స్పష్టంగా తెలుసు. ఆ తరువాత చీకటి పడ్డాక మళ్లీ సమావేశం పెట్టి, బీడును రెండు భాగాలు చేసి, ఒకటి మూసి ఒకటి తెరిచి ఉంచేలా, మూసిన భాగంలోంచి గడ్డి కోసుకుపోయే హక్కు మేకలున్న ఇళ్లకే ఉండేలా ఒప్పందం చేసుకున్నారు. ఆ కంచె నిలిచింది.

మైలురాయి గారూ, మీ ప్రణాళికలో ‘ప్రజా భాగస్వామ్యం’ అన్న పదం తప్పకుండా ఉండి ఉంటుంది. దాని పక్కన సమావేశం ఏ వేళకు పెట్టాలో కూడా రాయండి. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు, నా అనుభవంలో ఇంతకన్నా పెద్ద విషయం లేదు.

వీధిచివర

అందరూ నిదానమే ప్రధానం అంటున్నారు కనుక ఒక చిన్న అభ్యంతరం. కెన్యా 2007లోనూ 2011లోనూ ప్లాస్టిక్ సంచులను మందం లెక్కన పరిమితం చేయడానికి ప్రయత్నించి విఫలమైంది. 2017లో ఆరు నెలల గడువిచ్చి, ఆగస్టు 28 నుంచి పూర్తిగా నిషేధించింది. 40 లక్షల షిల్లింగుల వరకు జరిమానా, నాలుగేళ్ల వరకు జైలు అన్నారు. వీధుల్లో, మురుగు కాలువల్లో తేడా కనిపించింది. పొరుగు దేశాల నుంచి దొంగతనంగా సంచులు రావడం ఒక సమస్యగా మిగిలింది, 2019లో టాంజానియా కూడా నిషేధం విధించింది. ఎరువుకు ప్రత్యామ్నాయం తయారు కావడానికి ఏళ్లు పడుతుంది, సంచికి ప్రత్యామ్నాయం ఆరు నెలల్లో దొరుకుతుంది. వేగం ఎంత ఉండాలన్నది వస్తువును బట్టి నిర్ణయించుకోవాలని నా అభిప్రాయం.

పాత ఇంజనీరు

వీధిచివర గారి మాట సబబుగా ఉంది. నేను మరొక్క విషయం చెప్పి విరమిస్తాను. బంగ్లాదేశ్‌లో 2003లో మొదలైన ఇళ్ల సౌరవిద్యుత్ కార్యక్రమం కింద 40 లక్షలకు పైగా ఇళ్లకు చిన్న సౌర ఫలకాలు చేరాయి. వాయిదాల మీద అమ్మడం, వాయిదా వసూలుకు వచ్చిన మనిషే బ్యాటరీని కూడా చూసి వెళ్లడం అనే పద్ధతి వల్ల నిర్వహణ సమస్య చాలాకాలం తలెత్తలేదు. నేను చూసినవాటిలో ఇంతకన్నా తెలివైన ఏర్పాటు తక్కువ. అయితే విద్యుత్ లైన్లు అనుకున్నదానికన్నా వేగంగా పల్లెలకు చేరడంతో, కరెంటు వచ్చిన ఇంటివారు సౌర ఫలకం వాయిదాలు కట్టడం మానేశారు. రెండూ ప్రజలకు మేలు చేసే పనులే, రెండూ వెలుగు ఇవ్వడానికే వచ్చాయి. కాని ఏ ఊరికి ఏ ఏడాది లైను వస్తుందన్న సమాచారం రెండు వైపులా పంచుకోకపోతే, ఎవరికి వారే యమునా తీరే అన్నట్లు ఒక మంచి పని మరో మంచి పనిని దెబ్బతీస్తుంది.

మెట్లదారి

ఖజానా గారి జవాబు చదివాక నా మాటను కొంత సవరించుకుంటున్నాను. ముందు ఎదుగుదల, తరువాత సుస్థిరత అన్నట్లుగా రాశాను. పాత ఇంజనీరు గారి పంపును తలుచుకుంటే, ఆగిపోయిన పంపు ఎదుగుదలా కాదు, సుస్థిరతా కాదు. బాధ్యత ఎవరిదన్న ప్రశ్నపై మాత్రం నా అభిప్రాయం మారలేదు. అప్పుల రూపంలో వచ్చే సాయాన్ని సాయమని పిలవడం ఆపాలి.

మైలురాయి

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఈ చర్చను ముద్రించుకొని, పక్కన పెట్టుకొని పనిచేస్తున్నాను. 169 ఉపలక్ష్యాలనూ ఒకేసారి చేపట్టాలన్న ఆలోచన మానుకున్నాను. మొదటి ఏడాదికి తాగునీరు, ఉమ్మడి భూములు అనే రెండింటినే తీసుకొని, మిగిలినవాటిని శాఖలు ఇప్పటికే చేస్తున్న పనుల కింద యథాతథంగా చూపిస్తూ ముసాయిదా సిద్ధం చేశాను. పట్టికలో ‘ప్రారంభించిన పనుల సంఖ్య’ అన్నచోట ‘రెండో ఏడాది చివర పనిచేస్తున్నవాటి సంఖ్య’ అని మార్చాను. ఉమ్మడి భూముల సమావేశాలు చీకటి పడ్డాకే జరగాలని కూడా రాశాను. పై అధికారి దాన్ని చదివి, ఇది ప్రణాళికలో రాయవలసిన విషయమా అని అడిగారు. చిరుదీపం గారు చెప్పిన వేలిముద్రల సంగతి వివరించాను. ఆయన ఆ వాక్యాన్ని ఉంచమన్నారు.

ఖాళీ కాలమ్ దగ్గర మాత్రం చిక్కు అలాగే ఉంది. లెక్కల విభాగానికి వెళ్లి అడిగితే, కొత్త పంపులకు పద్దు ఉంది గాని మరమ్మతులకు విడిగా పద్దు లేదన్నారు. కొత్త పద్దు తెరవాలంటే పై నుంచి ఉత్తర్వు రావాలట. అంతవరకు ఏం చేయాలో పాత ఇంజనీరు గారు చెప్పగలరా?

పాత ఇంజనీరు

చెబుతాను. ఉత్తర్వు కోసం రాయడం ఆపవద్దు, కాని దానికోసం కూర్చోవద్దు. ముందుగా జిల్లాలో పైపులు లాగే పనిముట్ల పెట్టెలు ఎన్ని ఉన్నాయో, అవి ప్రస్తుతం ఏ గదిలో ఎవరి తాళం కింద ఉన్నాయో స్వయంగా వెళ్లి చూసి రాసుకోండి. కొన్నింటికి తాళంచెవి దొరకదు, అది కూడా రాసుకోండి. తరువాత ఒక్క మండలాన్ని ఎంచుకొని, పంపు ఆగిన రోజుకూ తిరిగి నీళ్లు వచ్చిన రోజుకూ మధ్య ఎన్ని రోజులు గడిచాయో ప్రతి పంపుకూ మూడు నెలలపాటు నమోదు చేయించండి. గణాంకం గారు కొత్త రిజిస్టరు వద్దన్నారు కనుక, పంపు గట్టు మీదే సున్నంతో రెండు తేదీలు రాయిస్తే సరిపోతుంది. ఆ తేదీల ఫొటోలు జతచేసి పద్దు కోసం రాసిన ఉత్తరాన్ని, ‘నిధుల లభ్యతను బట్టి’ అని తిప్పి పంపడం నాలాంటివాడికి కూడా కష్టమయ్యేది.

పెట్టెల లెక్క తేలాక ఇక్కడ రాయండి. వాటిలో ఏ పనిముట్లు లేకపోయినా పని జరుగుతుందో, ఏవి లేకపోతే జరగదో నేను చెప్పగలను.